అల్జీమర్స్ మరణాలు ఎక్కువగా కనిపిస్తే ఆ ప్రాంతం ఆరోగ్యం బాగాలేనట్టేనా?

లెక్కలంటే_భయం:
పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల ఆరోగ్య సూచికలు చూస్తుంటే ఒక డౌట్ వచ్చింది. ఒకదాంట్లో అల్జీమర్స్ మరణాల రేటు రెండోదానికంటే చాలా ఎక్కువ. పెద్దవాళ్లు ఎక్కువమంది ఉంటారేమోలే అనుకున్నాను, కానీ చూస్తే అది వయసుల తేడా సర్దేశాక లక్షమందికి లెక్కగట్టిన రేటేనట. మరి ఇంకా తేడా ఎందుకుంది? అక్కడ గాలో నీళ్లో బాగాలేవని అనుకోవాలా?

నైట్‌డ్యూటీ:
గాలి, నీళ్ల దాకా వెళ్లకముందు కాగితం సంగతి చూడండి. ఆసుపత్రిలో మరణ సర్టిఫికెట్లు రాసే పని నాది కాబట్టి చెప్తున్నా. ఫారంలో పై లైన్లో చివరికి ప్రాణం తీసినది రాయాలి, దాని కింద అది దేనివల్ల వచ్చిందో, అన్నిటికంటే అడుగున అసలు మూలం. లెక్కలో పడేది మామూలుగా ఆ మూలమే. అల్జీమర్స్ ముదిరాక మనిషికి మింగడం కష్టమైపోతుంది, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. పద్ధతిగా రాస్తే పైన న్యుమోనియా, అడుగున అల్జీమర్స్ ఉండాలి. కానీ అర్ధరాత్రి, ఆ పేషెంట్‌ని అంతకుముందెప్పుడూ చూడని డాక్టరైతే న్యుమోనియా అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేస్తాడు (నేనూ పెట్టాను, అబద్ధమెందుకు). ఇంకొకరు ఉత్త డిమెన్షియా అని రాస్తారు (జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే జబ్బులన్నిటికీ కలిపి పేరది, అల్జీమర్స్ అందులో ఒక రకం). జబ్బులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో అల్జీమర్స్ కోడ్ జీ30, ఏ రకమో తేలని డిమెన్షియా ఎఫ్03. మీరు చూసింది ఒక్క జీ30 రేటేనా?

చిన్నకూతురు:
మా అమ్మ ఎనిమిదేళ్లు ఈ జబ్బుతోనే ఉంది. చివరి ఏడాది నన్ను కూతురిగా గుర్తుపట్టలేదు, అక్కా అని పిలిచేది, నేనూ పలికేదాన్ని. సర్టిఫికెట్‌లో మాత్రం గుండె ఆగిపోవడం అని ఉంది. పోయినవాళ్లలో గుండె ఆగనిది ఎవరికండీ? అంటే మీరు చెప్పే ఏ లెక్కలోనూ మా అమ్మ లేదన్నమాట.

సగటుజీవి:
ఇంకో మెలిక ఉంది. గుండెపోటు, పక్షవాతం ముందే ఎత్తుకుపోయే చోట చాలామందికి ఈ జబ్బు ముదిరేంత ఆయుష్షే ఉండదు. అందుకని ఒక్కోసారి ఎక్కువ రేటు మంచి కబురు కూడా కావచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో డిమెన్షియా, అల్జీమర్స్ కలిపి గుండె జబ్బుల్ని దాటి మొదటి కారణమయ్యాయి, మొత్తం మరణాల్లో 11.6 శాతం. ఆ ఒక్క ఏడాదిలో జనం ఆరోగ్యం పాడైపోలేదు కదా. జనం ఎక్కువకాలం బతికారు, డాక్టర్లు జబ్బును ఎక్కువగా పట్టుకున్నారు, పైగా మరణాలకు కోడ్ వేసే పద్ధతి 2011లో, 2014లో మారింది. ప్రాంతం చిన్నదైతే ఒక్క ఏడాది రేటును అసలు నమ్మొద్దు, నలుగురు అటూ ఇటూ అయితే తారుమారైపోతుంది, ఐదేళ్లవి కలిపి చూడండి. నిజంగా ఆరోగ్యమే కొలవాలంటే బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి లోపం చూడటం మేలు. సరిదిద్దుకోగల ఇలాంటి 14 కారణాలన్నీ తొలగిస్తే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం తప్పించడమో వాయిదా వేయడమో చేయొచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ అంచనా వేసింది.

లెక్కలంటే_భయం:
పట్టిక కింద చిన్న అక్షరాల్లో జీ30 అనే ఉంది! ఎఫ్03ది వేరే పేజీలో దొరికింది, రాత్రికి కూర్చుని కలుపుతాను. చిన్నకూతురు గారూ, ఆ కాగితం సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదండీ. రేటు తక్కువున్న ప్రాంతమే ఆరోగ్యంగా ఉందని నిన్న ఇంట్లో గట్టిగా వాదించాను, ఇప్పుడెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.