పోర్ట్ ఫార్వర్డ్ చేసినా ఇంటి సర్వర్ బయటికి కనిపించట్లేదు

మధురవాడ_పై4:
రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద ఎన్జినెక్స్ వెబ్ సర్వర్ నడుస్తోంది. ఇంటి వైఫైలో 192.168.1.50 కొడితే పేజీ వస్తోంది. బయటి నుంచి వచ్చే వెబ్ ట్రాఫిక్ దానికి చేరేలా రూటర్లో 80, 443 పోర్టులు ఆ అడ్రస్‌కే ఫార్వర్డ్ చేసి ఉన్నాయి. ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే మాత్రం టైమౌట్. ఎక్కడ ఆగుతోందంటారు?

గాజువాక_కేబుల్:
ఫార్వర్డింగ్ సంగతి పక్కన పెట్టండి. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రూటర్‌కి బయటి వైపు అడ్రస్) ఎంతుంది? మన ఐపీ చూపించే ఏదైనా సైట్లో ఎంత వస్తోంది? రెండూ ఒకటి కాకపోతే ఎన్ని పోర్టులు తెరిచినా దండగే.

వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే అది సీజీనాట్, అంటే కనెక్షన్ కంపెనీయే ఒక అడ్రస్‌ని చాలామందికి పంచడం. ఒకే పబ్లిక్ ఐపీ వెనక బోలెడన్ని ఇళ్లు. ఫ్లాట్ నంబర్ రాయని పార్సిల్ వస్తే వాచ్‌మన్ ఎవరికిస్తాడు? మీ తలుపు తెరిచే ఉన్నా పార్సిల్ గేటు దగ్గరే ఆగిపోతుంది. 192.168తో మొదలైతే మాత్రం ముందున్న ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చే పెట్టె) కూడా రూటర్‌లా పనిచేస్తూ ఉండొచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి ట్రాఫిక్‌ని దాటించేలా) పెట్టిస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

మధురవాడ_పై4:
వాన్ 100.72తో మొదలవుతోంది. బయట సైట్లో వేరే నంబర్.

గాజువాక_కేబుల్:
సీజీనాటే. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ అడ్రస్) ఇస్తారేమో కనెక్షన్ వాళ్లని అడగండి. దానికి విడిగా డబ్బు కట్టాలి, ఇళ్ల ప్లాన్లకి ఇవ్వని వాళ్లూ ఉన్నారు.

ఎంవీపీ_సెక్టార్:
ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) వస్తోందేమో చూడండి. రాస్ప్‌బెర్రీ పై మీద ఆ అడ్రస్ 2తో మొదలైతే బయటికి పనికొస్తుంది. ఎఫ్ఈ80తోనో ఎఫ్‌డీతోనో మొదలయ్యేవి ఇంట్లోకే. ఐపీవీ6లో ఫార్వర్డింగ్ ఉండదు, రూటర్ ఫైర్‌వాల్‌లో పై అడ్రస్‌కి 443 తెరవాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) మారుతూ ఉంటుంది కాబట్టి, కొత్త అడ్రస్‌ని డొమైన్ పేరుకి జతచేసే డైనమిక్ డీఎన్ఎస్ స్క్రిప్ట్ పై మీదే నడపాలి. రూటర్ మీద నడిపితే రూటర్ అడ్రస్ నమోదవుతుంది. పాత తరహా ఐపీవీ4 ఒక్కటే ఉన్న ఆఫీసుల్లో మీ సైట్ తెరుచుకోదు, అదీ గుర్తుంచుకోండి.

సీతమ్మధార_రూట్:
సొంత డొమైన్ ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (సందర్శకుల్ని తమ సర్వర్ల మీదుగా మీ ఇంటికి చేర్చే సేవ) తేలిక. కనెక్షన్ ఇంట్లోంచి బయటికి వెళ్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు, రూటర్లో ఏమీ తెరవక్కర్లేదు. కాకపోతే ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్‌కి 100 ఎంబీ పరిమితి. నెక్స్ట్‌క్లౌడ్‌లో (సొంత సర్వర్ మీద ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెద్ద వీడియో ఎక్కిస్తే 413 (ఫైలు మరీ పెద్దది) ఎర్రర్ వచ్చేది దీనివల్ల కావచ్చు. పైగా ఎన్‌క్రిప్షన్ వాళ్ల సర్వర్ దగ్గర విప్పుకుంటుంది. సొంత ఫైళ్లకి నేనైతే వాడను.

నా ఓటు చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకునే ఆన్‌లైన్ సర్వర్) + దాన్నీ ఇంటినీ ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్‌తో కలిపే వైర్‌గార్డ్‌కే. ముంబైలోనో హైదరాబాద్‌లోనో తీసుకోండి. అక్కడ వైర్‌గార్డ్‌కి యూడీపీ 51820, వెబ్‌కి టీసీపీ 80, 443 పోర్టులు తెరవండి. టన్నెల్ లోపల వీపీఎస్ అడ్రస్ 10.8.0.1, రాస్ప్‌బెర్రీ పైది 10.8.0.2. రాస్ప్‌బెర్రీ పై వైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్ 25 (25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపడం) తప్పనిసరి. లేకపోతే కాసేపు ట్రాఫిక్ లేనప్పుడు సీజీనాట్ ఆ దారి మూసేస్తుంది, బయటి నుంచి మళ్లీ తెరవలేం. వీపీఎస్ మీద ఎన్జినెక్స్‌ని రివర్స్ ప్రాక్సీగా పెట్టండి, వచ్చిన వాటిని అది టన్నెల్లోంచి ఇంటికి పంపుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల ఉచిత హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కూడా అక్కడే తీసుకోవచ్చు. ప్రయోగాలు వాళ్ల స్టేజింగ్ (పరీక్షల కోసం పెట్టిన) సర్వర్లో చెయ్యండి. అసలు దాంట్లో గంటలో 5 సార్లు ఫెయిలైతే ఆపేస్తారు.

ఎంవీపీ_సెక్టార్:
దానికి రెండు చేర్పులు. చిన్న పేజీలు వచ్చి పెద్దవి వేలాడుతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) గొడవ. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షన్లలో వైర్‌గార్డ్‌కి 1420 బదులు 1412 పెట్టండి. రెండోది, అసలు సందర్శకుడి ఐపీని ప్రాక్సీ హెడర్లో పంపాలి, పై మీది ఎన్జినెక్స్ దాన్ని చదివేలా సెట్ చెయ్యాలి. లేకపోతే పై లాగ్‌లో అందరూ 10.8.0.1గానే కనిపిస్తారు, ఫెయిల్‌టూబాన్ (తప్పుడు ప్రయత్నాలు చేసే ఐపీల్ని ఆపే ప్రోగ్రామ్) మీ వీపీఎస్‌నే నిషేధిస్తుంది :)

మధురవాడ_పై4:
వైర్‌గార్డ్‌తో పేజీ మొబైల్ డేటాలో తెరుచుకుంది. కానీ కరెంటు పోయి వచ్చాక టన్నెల్ లేవట్లేదు.

సీతమ్మధార_రూట్:
ట్రాఫిక్ మొత్తం టన్నెల్లోంచే వెళ్లేలా అలౌడ్‌ఐపీస్‌లో (ఏ అడ్రస్‌లు టన్నెల్లోంచి వెళ్లాలో చెప్పే లైన్లో) 0.0.0.0/0 పెట్టారా? పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయొస్తే టైమ్ వెనక్కి వెళ్తుంది. పాత టైమ్‌తో వచ్చిన హ్యాండ్‌షేక్‌ని (టన్నెల్ మొదలుపెట్టే పలకరింపుని) వీపీఎస్ ఒప్పుకోదు. టైమ్ సరిచేసే ఎన్‌టీపీ కూడా టన్నెల్లోంచే వెళ్లాలి, టన్నెలేమో టైమ్ సరికాకపోతే లేవదు. అలౌడ్‌ఐపీస్‌లో 10.8.0.1/32 ఒక్కటి ఉంచండి, చాలు.

మన విశాఖలో ఈదురుగాలొస్తే కరెంటు పోకుండా ఉండదు గనక ఓఎన్‌టీకి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. 2 ఆంపియర్ల యూఎస్‌బీకి తగిలిస్తే వోల్టేజ్ పడిపోయి రీబూట్లు అవుతాయి.

గాజువాక_కేబుల్:
బీచ్ వైపు ఇళ్లలో బాల్కనీ పక్కన పెట్టకండి, ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగినయ్యే) పోర్ట్ 22ని ఇంటి వైపు బయటికి తెరవొద్దు, టన్నెల్లోంచే రండి. వీపీఎస్ మీద పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీతోనే ఉంచండి.

మధురవాడ_పై4:
అలౌడ్‌ఐపీస్ మార్చాక మెయిన్ ఆపి వేసి చూశానండి. టన్నెల్ దానంతట అదే లేచింది.