చెన్నైలో మా పక్కింటి మండువా ఇల్లు కూల్చేస్తారట, ఆపే దారి ఉందా?

జార్జిటౌన్‌వాసి:
నమస్కారమండీ. మా కుటుంబం తాతల కాలం నుంచి జార్జిటౌన్‌లోనే ఉంటోంది. పక్కింటి మండువా ఇల్లు బిల్డర్ చేతికి వెళ్తోందని నిన్న తెలిసింది. టేకు దూలాలు, మద్రాస్ టెర్రస్ కప్పు (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసేది), వీధి వైపు ఇద్దరు పడుకునేంత అరుగు, కరెంటు పోతే మా వీధి పిల్లలమంతా చేరేది దాని మీదకే. ఓనర్లు నలుగురు అన్నదమ్ములు. వీధిలో పది మందిమి కలిసి ఆపాలనుకుంటున్నాం, కోర్టుకెళ్లొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాతమద్రాసు:
ముందు ఆ ఇల్లు హెరిటేజ్ జాబితాలో ఉందేమో సీఎండీఏలో, అంటే చెన్నై నగరాభివృద్ధి సంస్థలో, కనుక్కోండి. హైకోర్టు వేసిన జస్టిస్ పద్మనాభన్ కమిటీ అలా గుర్తించినవి 467 కట్టడాలు. నిజానికి ఆ కమిటీ పుట్టింది హోర్డింగుల కేసులో, పాత భవనాలకు అడ్డంగా ఉన్న బోర్డులు తీయాలంటే ఆ భవనాలేవో తేలాలి కదా. మౌంట్ రోడ్డులో 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ని 2006లో కూల్చడం మొదలుపెడితే పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్లు హైకోర్టుకెళ్లారు, కూల్చొద్దని 2010లో తీర్పొచ్చింది. కానీ ఆలోపే కొంత భాగం పోయింది. అందుకే గునపం పడకముందే కదలండి. జాబితాలో లేకపోతే మాత్రం కోర్టులో గెలవడం చాలా కష్టం.

పెరంబూర్‌అక్క:
తమ్ముడూ, మేం అలాంటి ఇంటినే అమ్ముకున్నవాళ్లం. ప్రతి వానాకాలం కప్పు కారేది. సున్నంతో గచ్చు వేసే మేస్త్రీ దొరక్క, దొరికినవాడి చేత సిమెంటు పూయించాం, చెమ్మ బయటికి పోయే దారి లేక రెండేళ్లకే దూలం పుచ్చిపోయింది. పైగా వాటాల గొడవ. అమ్మాక వీధంతా వచ్చి బాధపడింది, అమ్మకముందు మాత్రం ఇంట్లో ఎలా ఉంటున్నారని ఒక్కరూ అడగలేదు. నోటీసు పంపితే వాళ్లు మొండికేస్తారు, ముందు వెళ్లి వాళ్ల దగ్గర కూర్చోండి.

పాతమద్రాసు:
అక్క చెప్పింది నిజం. ఒప్పుకుంటే గదుల కొలతలు, దూలాలు, తలుపుల ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. సున్నం పని తెలిసిన మేస్త్రీల గురించి ఇంటాక్ చెన్నై వాళ్లను అడగండి.

జార్జిటౌన్‌వాసి:
అందరికీ థాంక్సండీ. సాయంత్రం పెద్దన్నయ్య గారింటికి వెళ్లొచ్చాను. మండువా పక్క గదిలో కారే కప్పు కింద మూడు బకెట్లు పెట్టుకుని ఉన్నారు, పక్కింట్లో ఉండి నాకు తెలీదు. ముందు భాగం, అరుగు ఉంచి వెనక కట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగితే, తమ్ముళ్లతో మాట్లాడతానన్నారు. ఫొటోలకు సరేనన్నారు, ఆదివారం పొద్దున మొదలుపెడతాం. మంచి మేస్త్రీ ఎవరికైనా తెలిస్తే ఇక్కడే చెప్పండి, వానలు వచ్చేలోపు కప్పు చూపించాలి.