ఆల్జినేట్ పూసల్లో డిస్క్ కణాలు: డీఎంఎంబీ రీడింగ్ నిలకడగా రావడం లేదు, ఏం మార్చాలి?

వెన్నుపూసల మధ్య డిస్క్ అరుగుదలకు కణ చికిత్సను పరీక్షించే పని ఇది. పశువుల తోక డిస్కుల్లోంచి తీసిన న్యూక్లియస్ పల్పోసస్ (డిస్కు మధ్యలోని మెత్తటి భాగం) కణాలను 1.2 శాతం ఆల్జినేట్‌లో (సముద్రపు నాచు నుంచి తీసే జెల్ పదార్థం) మిల్లీలీటరుకు 40 లక్షల చొప్పున కలిపి, 102 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదులుతున్నాం. 5 శాతం ఆక్సిజన్, 21 రోజులు. ప్లాస్టిక్ మీద చదునుగా పెంచితే ఈ కణాలు ఫైబ్రోబ్లాస్టుల్లా (సాగిన ఆకారపు బంధన కణజాల కణాలు) సాగిపోయి, డిస్కు నిర్మాణానికి కావలసిన అగ్రికాన్, టైప్ 2 కొల్లాజెన్ ప్రోటీన్ల తయారీని తగ్గించేస్తాయి, అందుకే పూసలు.

చిక్కంతా పూసలను పపేయిన్ అనే ఎంజైముతో కరిగించాక, డీఎంఎంబీ అనే నీలి రంగుతో జీఏజీ (గ్లైకోసమినోగ్లైకాన్లు, అంటే అగ్రికాన్‌కు అతుక్కుని ఉండే సల్ఫేటు చక్కెర గొలుసులు) కొలవడంలోనే. కణాలే లేని ఖాళీ పూసలు కూడా రీడింగ్ చూపిస్తున్నాయి. పీహెచ్ 3 దగ్గర ఆల్జినేట్‌లోని కార్బాక్సిల్ సమూహాలకు ఇంకా రుణావేశం ఉంటుంది, అవి రంగును పట్టుకుంటాయి. పీహెచ్‌ను 1.5కు దించితే ఆ ఆవేశం పోతుంది, జీఏజీ సల్ఫేట్లకు మాత్రం అలాగే ఉంటుంది. దించాం, ఖాళీ పూసల రీడింగ్ బాగా తగ్గింది. అయితే రంగు, జీఏజీ కలిసిన ముద్ద త్వరగా అడుగుకు దిగిపోయి, ఒకే నమూనా ప్లేట్‌లోని మూడు గుంతల్లో మూడు అంకెలు ఇస్తోంది.

రంగు కలిపిన ఎన్ని సెకన్లకు ప్లేట్ చదువుతున్నారు? కాండ్రాయిటిన్ సల్ఫేట్ (ఒక రకం జీఏజీ) ప్రమాణ రేఖను బఫర్‌లో గీస్తున్నారా, ఖాళీ పూసలు కరిగించిన ద్రవంలోనా? కణాల సంఖ్యకు గుర్తుగా డీఎన్ఏతో భాగించే ముందు మీడియంలోకి జారిపోయిన జీఏజీని కలుపుతున్నారా? కలపకపోతే కణాలు తక్కువ తయారు చేశాయని పొరబడతాం.

ఇంకొకటి. 25 మిల్లీమోలార్ గ్లూకోజులో వచ్చిన ఫలితాన్ని అరిగిన డిస్కుకు అన్వయించడం సరికాదని మా అభిప్రాయం. అరిగిన డిస్కులోలా గ్లూకోజు తగ్గించి, పీహెచ్ 6.8 దగ్గర పూసలు నిలిపినవారు బఫర్ వివరాలు దయచేసి చెప్పండి.