కూర్చున్న మనిషి తైలచిత్రం: ఫోటో చూసి వేయాలా, మనిషిని చూసి వేయాలా?

పచ్చిరంగు: అమ్మమ్మ కుర్చీలో కూర్చున్న బొమ్మ ఆయిల్ రంగుల్లో వేస్తున్నాను. నాలుగడుగుల దూరం నుంచి ఫోనుతో ఫోటో తీసి, దాని మీదా కాన్వాసు మీదా గళ్లు గీసి, గడికి గడిగా బొమ్మను ఎక్కించాను. ముఖం ఆవిడదే. మోకాళ్లు మాత్రం ముందుకు పొడుచుకొచ్చి ఎవరివో అనిపిస్తున్నాయి. గళ్లు మూడుసార్లు సరిచూశాను. ఫోటో వదిలేయాలా?

కుంచెగూడు: వదిలేయండి. తప్పు మీ గళ్లది కాదు, దూరానిది. అంత దగ్గర నుంచి తీస్తే కెమెరాకు ముఖం కంటే మోకాళ్లు దాదాపు అడుగున్నర దగ్గరగా ఉంటాయి. అవి ఉబ్బుతాయి, తల చిన్నదవుతుంది. ఆ తప్పునే గళ్లు పొల్లుపోకుండా కాన్వాసు మీదకు మోసుకొస్తాయి. ఇక రంగు సంగతి. ఎర్రచీర కట్టుకున్న మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి గడ్డం కింద చూడండి. ఆ నీడలో చీర ఎరుపు పైకి తేలుతుంది. ఫోటోలో అక్కడ మసి తప్ప ఏమీ మిగలదు. ఆ ఎరుపును పట్టుకోవడమే నేర్చుకోవలసిన విద్య.

తెల్లకాన్వాసు: ఒప్పుకోను. పెద్దావిడను గంటల తరబడి కదలకుండా కూర్చోమనడం న్యాయమేనా? అమెరికా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ (1844–1916) అంతటివాడు ఫోటోలను కాన్వాసు మీద ప్రసరింపజేసి గుర్తులు పెట్టుకున్నాడు. పదడుగుల నుంచి తీసిన ఫోటోలో మోకాళ్లు ఉబ్బవు కదా!

కుంచెగూడు: దూరం మాట నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. కానీ ఈకిన్స్ వైద్య కళాశాలలో శరీర నిర్మాణం చదివినవాడు. శిష్యులను కూడా ఎదుటి మనిషిని చూసే వేయమన్నాడు. ఫోటో ఎక్కడ అబద్ధమాడుతుందో ఆయనకు తెలుసు. మనకు ఇంకా తెలియదు.

ఆవిడను కష్టపెట్టనక్కరలేదు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, లేచి తిరగనివ్వండి. కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ సుద్దముక్కతో నేల మీద గీత గీస్తే మళ్లీ అదే చోట కూర్చుంటారు. మొదటి పూట బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి వెలుగునీడలు మాత్రమే పెట్టండి. రంగులో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె పైపొరలకే. అడుగున నూనె ఎక్కువైతే తరవాత పగుళ్లు తేలతాయి.

తెల్లకాన్వాసు: చీర మడతలకైనా ఫోటో ఉంచుకోండి. లేచి కూర్చున్న ప్రతిసారీ అవి మారిపోతాయి.

కుంచెగూడు: మడతలకు సరే. ముఖానికీ చేతులకూ వద్దు.

పచ్చిరంగు: గళ్ల కాన్వాసు పక్కన పెట్టేశాను. ముందుగదిలో కిటికీ నుంచి ఎదుటి గోడకు కొలిస్తే తొమ్మిదడుగులు వచ్చింది. ఆదివారం ఉదయం కూర్చుంటానంది అమ్మమ్మ. ఎర్రచీరే కట్టుకోమన్నాను.