కర్పూరం కరిగిందా, హరించిందా?

తాటాకు: ఎవరి ఆస్తి పోయినా మా నాయనమ్మ ‘హారతి కర్పూరంలా హ...పోయింది’ అనేది. ఆ మధ్య మాట ‘హరించుకు’నా, ‘హరాయించుకు’నా? రాత్రి నుంచి ఇదే టెన్షన్.

పద్యప్రియ: హరించుకుపోయింది. హరాయించుకోవడం పొట్ట వ్యవహారం. రాళ్లు తిన్నా హరాయించుకునే వయసు అంటాం కదా. కర్పూరానికి అజీర్తి ఏమిటండీ!

మొలగొలుకులు: మా వైపు ‘కరిగిపోయింది’ అనే అంటారు.

బీకరు: కరిగితే ద్రవం కావాలి కదా. డబ్బాలో బిళ్లలు నెల తిరిగేసరికి చిక్కిపోతాయి, అడుగున తడి మాత్రం ఉండదు. ఘనం నేరుగా ఆవిరి. సైన్సు పుస్తకంలో ఉత్పతనం అన్నది ఇదే. కలరా ఉండలూ అంతే. నా ఓటు హరించడానికే.

మొలగొలుకులు: డబ్బాలోది కాదు బీకరు గారూ, నాయనమ్మ గారు అన్నది హారతి కర్పూరం! ఈసారి పళ్లెం దగ్గరగా చూడండి. మంట కింద బిళ్ల అంచు నూనెలా మెరుస్తుంది, కుతకుతలాడుతుంది, ఆ తర్వాతే మాయం.

బీకరు: సరే, ఒప్పుకున్నా. సుమారు 175 డిగ్రీలకు కరుగుతుంది, 204 దగ్గర మరుగుతుంది. మంటకి అదెంత!

పద్యప్రియ: దొంగ హరిస్తే సకర్మకం, కర్పూరం హరిస్తే అకర్మకం. నా అనుమానం, ఈ రెండోది సంస్కృతం కాదు. మన ‘అరుగు’కే ఎవరో ‘హ’ తగిలించారు.

తాటాకు: చెప్పు అరిగితే పట్టీ అయినా మిగులుతుంది కదండీ?

పద్యప్రియ: అన్నం అరిగితే ఏం మిగిలింది? అన్నట్టు, వేమన ఉప్పునీ కర్పూరాన్నీ రుచి చూడమన్నాడు గానీ, వానాకాలం రెండిటికీ మూత తీసి పెడితే చాలు. ఒకటి నీరు కారుతుంది, ఒకటి కనపడదు.

మొలగొలుకులు: అది ‘ఉప్పు కర్పూరంబు’ కదా?

పద్యప్రియ: అయ్యో, ‘కప్పురంబు’! ‘కర్పూ’ అంటే రెండు గురువులు, రెండో సూర్యగణం గోవిందా. ఆటవెలదిని అలా చంపకండి.

బీకరు: మరి వేమన కాలంలో దాన్ని ‘కప్పురం’ అనేవారా, పద్యం కోసం కుదించాడా?

పద్యప్రియ: అది వికృతి నాయనా. ప్రకృతి కర్పూరం.

తాటాకు: నా ప్రశ్న ఏమైపోయిందో గానీ, ఇప్పుడే మా మేనత్తకి ఫోన్ చేశా. ‘డబ్బాలో నాలుగు మిరియాలు వెయ్యరా, ఆరిపోకుండా ఉంటుంది’ అంది. ఈ ‘ఆరు’ ఎక్కడి నుంచి వచ్చిందండీ?