గుంజ మీది మాటకు విభక్తి ఏది?

బైండు పుస్తకాలవాడు:
మిత్రులకు నమస్కారం. అమెరికా తూర్పు తీరాన ఉన్న రోవనోక్ ద్వీపంలో ఇంగ్లీషువారు పెట్టి, తరువాత జాడ లేకుండా పోయిన వలసను గురించిన సాహసగాథ ఒకటి చాలా కాలం క్రితం ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చేది. ఆ పుటలను కుట్టించిన బైండు మా ఇంట్లో ఉన్నది గాని, ముందు పుటలు ఊడిపోవడం వల్ల గ్రంథనామమూ కర్తృనామమూ తెలియవు. 1590లో తిరిగివచ్చిన వలస గవర్నరు జాన్ వైట్ దొర దడి గుంజ మీది మాటను చదివే ఘట్టంలో "మనవాళ్ళు క్రొయటోవను" అన్నంతవరకు కనబడుతుంది. ఆ పక్కనున్న అక్షరం అంచులు కోసేటప్పుడు బైండరు కత్తికి పోయింది. కింది పంక్తి "వెళ్ళి ఉంటారు" అని మొదలవుతుంది. పోయిన అక్షరం "కు" అయి ఉంటుందా, "తో" అయి ఉంటుందా? కుట్టించక మునుపు చదివినప్పుడు "తో" అని ఉన్నట్టు లీలగా గుర్తు.

సూరిగారి శిష్యుడు:
ఇందులో సందేహానికి తావు లేదు, అది "కు" మాత్రమే. 1587లో వైట్ సామగ్రి కోసం ఇంగ్లండుకు బయలుదేరే ముందు వలసవాసులు అతనితో చేసుకొన్న ఒప్పందమే అది: చోటు మారితే వెళ్ళే చోటి పేరు చెక్కాలి, ఆపదలో వెళ్ళవలసివస్తే దాని పైన శిలువ గుర్తు పెట్టాలి. ద్వారానికి కుడివైపున బెరడు ఒలిచిన గుంజ మీద, నేలకు అయిదడుగుల ఎత్తున, పెద్ద అక్షరాలతో పేరు ఉన్నది, శిలువ మాత్రం లేదు. చెక్కినది చోటి పేరైనప్పుడు షష్ఠి (చిన్నయసూరి గారి బాలవ్యాకరణంలో "కు" షష్ఠీ ప్రత్యయమే) తప్ప మరొకటి పొసగదు.

కరోలినా తెలుగు:
శిష్యులవారు ఒప్పందాన్ని చక్కగా చెప్పారు గాని, క్రొయటోవన్ అన్నది ఒక ద్వీపానికీ అక్కడి జనానికీ కూడా పేరు అన్న సంగతిని దాటవేశారు. మనకు "ఆంధ్ర" అన్న మాట దేశానికీ జాతికీ చెల్లినట్టే ఇదీ. ఇప్పుడు హ్యాటరస్ అని పిలిచే ఆ ద్వీపం ఇంగ్లీషువారికి మిత్రుడైన మాంటియో అనే స్థానికుడి సొంత ఊరు, అతడు రెండుసార్లు ఇంగ్లండు చూసి వచ్చినవాడు, 1587 ఆగస్టు 13న క్రైస్తవ మతం పుచ్చుకొన్నవాడు. అటువంటి మిత్రుడు ఉండగా వలసవాసులు ఆ జనంతో కలిసి ఎక్కడికో తరలిపోయారన్నది అసంభవం కాదు. ఆ గుంజ మీద ఉన్నది విభక్తి లేని ప్రాతిపదిక మాత్రమే. దానికి "కు" తగిలించినా "తో" తగిలించినా అది రచయిత చేసిన తీర్పే అవుతుంది. (ఈ వలసను పంపిన వాల్టర్ ర్యాలీ పేరు పెట్టుకొన్న నగరంలోనే ఉద్యోగం చేస్తున్నాను కనుక నాకు పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకొంటాను.)

సూరిగారి శిష్యుడు:
జనం అయితే బహువచనం ఏది? "క్రొయటోవనులతో" అనవలసి ఉంటుంది. పైగా వైట్ ఉండగానే ఆ వలసవాసులు శత్రువులనుకొని పొరపాటున క్రొయటోవనుల మీదనే రాత్రివేళ దాడి చేశారు. "తో" అన్నంత తేలికగా ఆ స్నేహం నిలిచిందనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

కరోలినా తెలుగు:
"దండుతో వెళ్ళారు", "తెగతో వెళ్ళారు" అన్నప్పుడు బహువచనం కావాలా?

తృతీయాభిమాని:
పెద్దలు ఇద్దరూ "చేత"ను మరచిపోయారు. తరువాత వెలసిన జేమ్స్‌టౌన్ అనే ఇంగ్లీషు వలసకు కార్యదర్శిగా పనిచేసిన విలియం స్ట్రేచీ, రోవనోక్ వారిని పౌహాటన్ అనే స్థానిక తెగల నాయకుడు చంపించాడని వ్రాసిపెట్టాడు. సాహసగాథలు అల్లేవారికి అంతకంటె గొప్ప మలుపు ఏముంటుంది?

బైండు పుస్తకాలవాడు:
కింది పంక్తిలో "వెళ్ళి ఉంటారు" అని ఉన్నదని మనవి. "చేత వెళ్ళి" అన్నది ఏ వ్యాకరణంలోనూ కుదరదు. చంపినవాడు పౌహాటన్ అయితే గుంజ మీద క్రొయటోవన్ పేరు ఎందుకుంటుందో కూడా చెప్పవలసి వస్తుంది.

వాడుకభాష పక్షం:
అసలు అక్కడ ఏ అక్షరమూ పోలేదేమోనని ఎవరికీ తోచలేదా? "మద్రాసు వెళ్ళాడు", "ఊరు వెళ్ళాడు" అంటాం, చోటి పేరు పక్కన వెళ్ళడం అన్న క్రియ వచ్చినప్పుడు "కు" దానంతట అదే రాలిపోతుంది. మనిషి పేరు దగ్గర ఈ సౌకర్యం లేదు, "మామయ్య వెళ్ళాడు" అంటే వెళ్ళినవాడు మామయ్యే. కనుక ఏ ప్రత్యయమూ లేని "క్రొయటోవను వెళ్ళి ఉంటారు" అన్న వాక్యం తెలుగువాడి చెవికి చోటునే చెబుతుంది. ఆ కత్తి కోసినది ఖాళీ అంచునే కావచ్చు.

భాగవతప్రియుడు:
చోటు చెప్పడం అంటే ఎలా ఉండాలో పోతన గారిని అడగవలసింది. "అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల" అని పురం, నగరు, సౌధం ఒకదానిలో ఒకటి చూపిస్తూ, రెండు "లో"లూ ఒక "దాపల"తో మనలను చెయ్యి పట్టుకొని తీసుకుపోతాడు. ఆ పద్యం సౌధం దగ్గర ఆగిపోతే శ్రీరాముడే వచ్చి పూరించాడన్న కథ అందరికీ తెలిసినదే. రోవనోక్‌లో చెట్టు మీద కూడా సీ, ఆర్, ఓ అని మూడే చెక్కి ఆగిపోయారు. మన లిపిలో అది ఒక్క "క్రో", కనుక దానిని "మూడక్షరాలు" అని వ్రాసిన రచయిత ఉంటే ఇంగ్లీషును కళ్ళతో చూసి వ్రాశాడని పట్టుకోవచ్చు. ఆ బైండులో చెట్టు ఘట్టం ఎలా ఉన్నదో చెప్పగలరా?

సూరిగారి శిష్యుడు:
"నామూల" అన్నచోట "ఆ మూల" అని విరవాలా, "ఆమూల" అని మొదలంటా అనే అర్థంలో కలపాలా అన్నది తేలకుండా చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడనడం సాహసమే. ఆ "లో" కూడా సూరిగారి లెక్కలో షష్ఠే.

భాగవతప్రియుడు:
"ఆ మూల" అనే చదవాలి. "అల" అని దూరం చూపినవాడు "ఆ" అని మళ్ళీ చూపడంలోనే ఆ పద్యం అందమంతా ఉన్నది.

బైండు పుస్తకాలవాడు:
చెట్టు ఘట్టంలో "సగం మాట" అని మాత్రమే ఉన్నది. తరువాతి పుట నిండా పాతిపెట్టిన పెట్టెలను ఎవరో తవ్వి తీసిన సంగతి, అట్టలు ఊడిన పుస్తకాలు, వానకు కుళ్ళిన పటాలు, తుప్పు తిన్న కవచం ఉన్నాయి. అది వైట్ తన మనుమరాలు వర్జీనియా డేర్ మూడవ పుట్టినరోజున, ఆగస్టు 18న, చూసిన దృశ్యమని రచయిత గుర్తు చేస్తాడు. గాలివానకు లంగరులు తెగి ఓడ క్రొయటోవను ద్వీపానికి పోలేకపోయిందని ప్రకరణం ముగుస్తుంది, కనుక ముందుకు చదివినా నా ప్రశ్నకు జవాబు దొరకదు.

కరోలినా తెలుగు:
విభక్తి కంటె ముందు పేరును తేల్చుకోవాలి. 1585లో ముందటి బృందంతో వచ్చిన ఇంగ్లీషు పండితుడు థామస్ హ్యారియట్ అక్కడి భాష నేర్చుకొని, ఆ ధ్వనుల కోసం ప్రత్యేకంగా లిపినే కల్పించాడు. గుంజ మీద చెక్కినవారు మాత్రం మామూలు రోమను అక్షరాలే వాడారు. "క్రొయ" అనడం కంటె "క్రో" అని దీర్ఘం ఉంచడమే న్యాయం.

సూరిగారి శిష్యుడు:
దీర్ఘం సంగతి అటుంచండి. ఆ రచయిత "క్రొయటోవను" అని ఉకారాంతం చేశాడు కనుక, గ్రాంథికం తెలిసినవాడైతే "మద్రాసునకు" అన్నట్టు "క్రొయటోవనునకు" అని వ్రాసి ఉండాలి. అప్పుడు అంచున పోయినవి రెండక్షరాలు. "తో" అయితే ఒక్కటే. అదే పుటలో తక్కిన పంక్తుల చివర ఎన్నేసి అక్షరాలు పోయాయో లెక్కించి చెబితే కొంత తేలుతుంది.

వాడుకభాష పక్షం:
వారపత్రికలో కథ వ్రాసేవాడు "మద్రాసుకు" అనే వ్రాస్తాడు గాని "మద్రాసునకు" అని వ్రాయడు. ఆ లెక్క చేసినా మీ "కు", వారి "తో" సమానంగానే మిగులుతాయి.