శబరిమల టికెట్, 20 కోట్లు, మా బావమరిది

మౌలాలి_స్వామి
ఈసారి మాల వేసుకుని శబరిమల వెళ్ళొచ్చాను. తిరుగు ప్రయాణంలో చెంగన్నూర్ స్టేషన్ బయట టీ తాగుతుంటే పక్కనే లాటరీ బల్ల. గురుస్వామి ఒకటి కొన్నారు, నేనూ 400 పెట్టి కేరళ ప్రభుత్వ లాటరీ క్రిస్మస్ - న్యూ ఇయర్ బంపర్ ఒకటి తీసుకున్నాను. మొదటి బహుమతి 20 కోట్లు. శబరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్త్ ఎక్కానే గానీ గుంటూరు దాటేదాకా నిద్ర లేదు. సికింద్రాబాద్‌లో దిగేసరికి హోమ్ లోన్ తీరిపోయింది, అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయిపోయింది, పాపకి మెడిసిన్‌లో సీటు కూడా వచ్చేసింది.

అసలు గొడవ ఇంటికొచ్చాక. "మా తమ్ముడికి ఎంత ఇస్తారు?" అంది మా ఆవిడ. పాతిక లక్షలు అన్నాను. "20 కోట్లలో పాతిక లక్షలా!" అని ఆ రాత్రి చపాతీలు మాట్లాడకుండా పెట్టింది. టికెట్ అయ్యప్ప ఫోటో వెనక ఉంది. డ్రాకి ఇంకా మూడు వారాలు. మీలో ఎవరైనా ఆడారా? ఎవరికైనా తగిలిందా?

తార్నాక_ట్యాక్స్
స్వామీ, 20 కోట్లు అనకండి, అంత చేతికి రాదు. ముందు టికెట్ అమ్మిన ఏజెంటు కమీషన్ 10 శాతం పోతుంది. మిగిలేది 18. అందులో 30 శాతం పన్ను అక్కడే పట్టుకుంటారు, అంటే 5.4 కోట్లు. ఇక అయిపోయిందనుకుంటారు చాలామంది. కాలేదు. రిటర్న్ వేసేటప్పుడు సర్‌ఛార్జి, సెస్సు మనమే కట్టాలి. కొత్త పన్ను విధానంలో ఆ 5.4 కోట్ల పన్ను మీద సర్‌ఛార్జి 25 శాతం, ఆ రెండూ కలిపినదాని మీద సెస్సు 4 శాతం, మొత్తం ఇంకో కోటీ 62 లక్షలు. చివరికి మిగిలేది దాదాపు 11 కోట్లు. బీమా కట్టాను, పీఎఫ్ కట్టాను అంటే ఇక్కడ పైసా తగ్గించరు. టికెట్ కొన్న 400 కూడా ఖర్చు కింద ఒప్పుకోరు.

టికెట్ వెనక పేరు, అడ్రస్ రాసి సంతకం పెట్టారా? ముందు ఆ పని చేయండి. సంతకం లేని టికెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అవుతుంది. గెలిస్తే డ్రా తేదీ నుంచి 30 రోజుల్లోపు అప్పజెప్పాలి.

నార్సింగి_సైట్_ఇంజనీర్
11 కోట్లా? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఎకరానికి 40 గుంటలు. ఆ రేటున మీకు వచ్చేది నాలుగు గుంటల చిల్లర. మీ బావమరిది పాతిక లక్షలకి 12 గజాలు వస్తుంది. కారు పెట్టుకోవచ్చు, డోర్ తీయడానికి మాత్రం పక్కవాళ్ళని అడగాలి.

మౌలాలి_స్వామి
ఇది మా ఆవిడకి చూపించాను. నవ్వలేదు.

ఎల్బీనగర్_లారీ
తెలంగాణలో లాటరీ లేదంటారు గానీ వైన్స్ షాపుల లైసెన్సులకి తీసే డ్రా మాటేంటి? 2023లో 2,620 షాపులకి లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు. ఒక్కోదానికి 2 లక్షలు, తిరిగిరాదు. మేం ఎనిమిది మంది తలా పాతిక వేలు వేసుకుని ఒక షాపుకి వేశాం. దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి డ్రా దాకా మా గ్రూపులో రాత్రి రెండింటిదాకా మెసేజ్‌లే. సిట్టింగ్ రూమ్ ఎటు పెట్టాలి, ఫ్రిజ్‌లు ఎన్ని, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలి. ఆ గల్లాపెట్టె దగ్గరే ఇద్దరు చిన్నప్పటి స్నేహితులకి మాట మాట పెరిగింది. ఇంకా షాపు రాలేదు, గుర్తుంచుకోండి!

డ్రా రోజు ఫంక్షన్ హాల్ నిండా జనం. మా షాపుకి అరవై పైన టోకెన్లు. కలెక్టర్ గారు డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపించింది. మా నంబరు 41. పిలిచింది 14. ఒక్క క్షణం మా వాడు లేచి నిలబడ్డాడు కూడా.

2025లో ఫీజు 3 లక్షలు చేశారు. వేయలేదు. అంటే, నేను వేయలేదు. మిగతా ఆరుగురు వేశారు.

బోధన్_టు_బోడుప్పల్
ఎనిమిది మందిలో మీరు పోతే ఏడుగురు కదా అన్నా?

ఎల్బీనగర్_లారీ
గల్లాపెట్టె గొడవలో ఒకడు అప్పుడే పోయాడు.

చిక్కడపల్లి_పెద్దాయన
మీరంతా బంపర్ చూసినవాళ్ళు. మేం సింగిల్ డిజిట్ చూసిన తరం. తొంభైల్లో సందు చివర రేకుల షెడ్డు, దారానికి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన ఈశాన్య రాష్ట్రాల టికెట్లు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె తగిలితే చాలు. నెలకోసారి కాదు, రోజులో ఎన్నోసార్లు ఫలితం. మా అన్నయ్య ఒక పాకెట్ బుక్కులో వచ్చిన నంబర్లన్నీ రాసుకునేవాడు. "ఏడు వచ్చి పదకొండు ఆటలైంది, ఇప్పుడు రావాలి" అనేవాడు. ముందు వచ్చిన నంబరుకీ తర్వాత వచ్చేదానికీ సంబంధం లేదురా అన్నయ్యా అని నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ పుస్తకం పట్టుకెళ్ళి చెప్పాను. ఆ రోజు సాయంత్రం ఏడే వచ్చింది! ఇంకేం వింటాడు. ముందు స్కూటర్ పోయింది, తర్వాత వదిన గాజులు పోయాయి. ఆ పాకెట్ బుక్కు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

ఏడాదికోసారి 400 పెట్టి మూడు వారాలు కల కనేవాడిని నేనేమీ అనను. సినిమాకి వెళ్ళినా అంతే అవుతుంది.

అమీర్‌పేట_అక్క
పెద్దాయన గారూ, మా పిన్నిది ఇంకో కథ. అసలు టికెట్టే కొనలేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది, "మీ నంబరుకి 25 లక్షలు తగిలింది" అని. ముందు 12 వేలు జీఎస్టీ, తర్వాత 28 వేలు ప్రాసెసింగ్ కట్టించుకున్నారు. మూడోసారి అడిగినప్పుడు నాకు ఫోన్ చేసింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాం గానీ డబ్బు రాలేదు. కేరళ లాటరీ ఆన్‌లైన్‌లో అమ్మరు. ఫోన్‌లో అమ్ముతామన్న ప్రతివాడూ దొంగే. పిన్నికి పోయిన 40 వేల కన్నా, ఆ వారం రోజుల్లో మనవరాలికి వడ్డాణం చేయిస్తానని మాట ఇచ్చేసిందే, అదే ఎక్కువ బాధ.

బోధన్_టు_బోడుప్పల్
తగిలినవాళ్ళూ ఉన్నారండీ. 2019లో మా నిజామాబాద్ జిల్లా రైతు ఒకాయన భార్య దగ్గర 20 వేలు తీసుకుని, దుబాయ్‌లో ఉన్న దోస్తుతో అబుధాబి బిగ్ టికెట్ కొనిపించాడు. కోటిన్నర దిర్హమ్‌లు తగిలాయి, అప్పటి లెక్కలో 28 కోట్లు. ఆ తర్వాత ఆరు నెలలు మా ఊళ్ళో గల్ఫ్ నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట టికెట్టే. మా నాన్న అయితే మస్కట్‌లో ఉన్న మా చిన్నాన్నని "నువ్వెందుకున్నావురా అక్కడ" అని తిట్టాడు.

కానీ 2022 ఓణం బంపర్ 25 కోట్లు తగిలిన తిరువనంతపురం ఆటో డ్రైవర్, అడిగేవాళ్ళ బాధకి సొంత ఇంట్లో ఉండలేక చుట్టాల ఇళ్ళల్లో తలదాచుకున్నాడు. స్వామీ, తగిలితే ఇక్కడ కూడా రాయకండి.

మౌలాలి_స్వామి
డ్రా అయింది. తగల్లేదు. చివరి నాలుగు అంకెలు కూడా ఎక్కడా కలవలేదు. గురుస్వామికీ లేదు.

మా ఆవిడకి చెప్తే "పోనీలెండి" అంది. కాసేపాగి, "వచ్చే ఏడు రెండు కొనండి, ఒకటి మా తమ్ముడి పేరు రాసి" అంది. సరే అన్నాను. ఇప్పుడు నా డౌట్ ఒకటే. వాడికి తగిలితే నాకెంత ఇస్తాడు?